పునీతుల పండుగ దినములు – నిత్యపఠన క్రమము

కథోలిక క్రైస్తవుల పంచాంగమున దినమున కొక్కొక్క పునీతుని పేరు గానవచ్చును. ఆ దినముననే పూజయందు జదువవలసిన పవిత్ర గ్రంథభాగమును నిర్ణయింపబడి యుండును. భక్తు లాభాగమును మననము చేయుదురు. ఈ రెండు క్రమములు నొక్కచోట బుట్టినవి గావు. ఒక్క కాలమున బెరిగినవియు గావు. ఒకే దినమును రెండును గోరినపుడు దేనికి బ్రాబల్యమను ప్రశ్న రోమక సంఘమును బహుశతాబ్దములు బాధించినది. వైయాకరణులకు బరిచితమైన యుత్సర్గాపవాద వివాదమే యిది. దీని చరిత్రమును సంగ్రహముగా విచారింతము.

మొదట పండుగ పేరును బరిశీలింపవలెను. లాటిను భాషలో దీనిని ‘దియెస్ నతాలిస్’ అందురు. అవయవార్థమును బట్టి ‘జన్మదినము’ అని చెప్పవలసి యుండును. అంతమాత్రమున దీనిని ‘జయంతి’ యని తెలిగించువారు పొరబడుదురు. ఇచట యోగార్థముకంటె రూఢి బలవత్తరము. పునీతుడు దేహము విడిచిన దినమే స్వర్గమున నాతని జన్మదినమని క్రైస్తవుల భావము. రెండవ శతాబ్దమున స్ముర్నా నగరపు బిషప్పు పోలికార్పు చంపబడిన పిమ్మట నచటి సంఘమువారు వ్రాసిన లేఖ యిందులకు బ్రాచీనమగు సాక్ష్యము. ఆయన యస్థులను భద్రపఱచి, ఏటేట నాతని సాక్షిమరణపు జన్మదినమును గొనియాడుదుమని వారందు దెలిపిరి. రోమునందు 354వ సంవత్సరమున సంకలితమైన యొక పంచాంగ గ్రంథములో వేదసాక్షుల సమాధి దినముల పట్టిక గలదు. అందు దినముతోపాటు సమాధిస్థలమును జెప్పబడినది. కావున నీ పండుగలు మొదట గోరీల కడ బుట్టినవని యూహింపనగును. దేహజన్మమునకు బండుగ చేయు సందర్భములు మూడే: డిసెంబరు 25న క్రీస్తునకు, సెప్టెంబరు 8న మరియమాతకు, జూన్ 24న స్నాపక యోహానునకు. యోహాను మరణము వేఱుగ ఆగస్టు 29న స్మరింపబడును. మనలో త్యాగరాజస్వామి యారాధన పుష్య బహుళ పంచమినాడు, అనగా నాయన సిద్ధిపొందిన తిథినాడు, జరుగుట దీనితో బోల్పదగినది. మనది చాంద్రతిథి, వారిది సౌరదినము, ఇదియే భేదము.

అయినను పండుగ దినమెల్ల మరణదినమే యని చారిత్రకుడు నమ్మరాదు. అంబ్రోసు 397 ఏప్రిల్ 4న మరణించెను. పండుగ మాత్రము ఆయన బిషప్పుగా నభిషిక్తుడైన డిసెంబరు 7న జరుగును. యోహాను క్రిసోస్తోము 407 సెప్టెంబరు 14న గతించినను, ఆ దినము సిలువ పండుగకు జెల్లుటచే, నాయన స్మరణ 13వ తేదికి జరిగినది. అవిలా తెరేసా వృత్తాంతము మఱియు జిత్రమైనది. ఆమె స్పెయిను దేశమున 1582 అక్టోబరు 4వ తేది రాత్రి దేహము చాలించెను. తెల్లవారునప్పటికి తేది 5 గాక 15 అయ్యెను. పదమూడవ గ్రెగోరి పోపు చేసిన పంచాంగ సంస్కారమున బది దినములు లోపించుటయే యిందులకు గారణము. ఆమె పండుగ అక్టోబరు 15. ఈ సంస్కార మెఱుగనివాడు పండుగను జూచి మరణదినమును బది దినములు తప్పుగా నెన్నును.

భారతదేశమునకు సంబంధించిన యుదాహరణము తోమా యపొస్తలునిది. రోమక పంచాంగమున నాయన పండుగ చిరకాలము డిసెంబరు 21న నుండెను. సిరియా సంప్రదాయము ననుసరించు మలబారు క్రైస్తవులు జూలై 3నే ‘దుక్రానా’ యను పేర గొనియాడుచు వచ్చిరి. ఆయన యస్థులు ఎదెస్సా నగరమునకు జేర్పబడిన దినముగా నా తేది ప్రసిద్ధము. 1969లో రోమువారు తమ తేదిని విడిచి జూలై 3నే గ్రహించిరి. డిసెంబరు 21 క్రీస్తు జయంతికి ముందటి యాగమన కాలమున బడుటయే కారణము. ఈ తేదులలో నేదియు మైలాపూరు ఘటనను స్థాపింపజాలదు, ఖండింపనుజాలదు. పండుగ దినము ఆరాధనకు సాక్షి. ఘటనకు సాక్షి యగుటకు బ్రమాణాంతరము గావలెను.

ఇక రెండవ క్రమము. అయిదవ పయస్ పోపు 1570లో బ్రకటించిన పూజాగ్రంథమున బఠనములు ఏడాది కొకసారి తిరిగి వచ్చునవి. పునీతుల పండుగలు తగ్గింపబడినను, తరువాతి శతాబ్దములలో మరల బెరిగి, యాదివారపు విధిని సైతము బాధించెను. అపవాదములు పెరిగి యుత్సర్గమునకు జోటు లేకుండ జేసినవి. 1911లో పదవ పయస్ ఆదివారమునకు గొంత ప్రాబల్యమును మరల గల్పించెను. రెండవ వాటికను మహాసభ 1963 డిసెంబరు 4న వెలువరించిన శాసనము, గ్రంథపఠనము ప్రజలకు మఱింత విరివిగా లభింపవలెనని విధించెను. 1969లో నూతన క్రమ మేర్పడెను. ఆదివారములకు మూడేండ్ల చక్రము: మొదటి యేట మత్తయి, రెండవ యేట మార్కు, మూడవ యేట లూకా, యోహాను సువిశేషము ముఖ్యముగా పాస్కా కాలమున. సంవత్సర సంఖ్యను మూడిట భాగింప శేషము లేనిచో నది మూడవ యేడు. అయితే యా యేడు అంతకుముందటి యాగమన కాలముతోనే మొదలగును. సామాన్య కాలపు వారదినములలో మొదటి పఠనము బేసి, సరి సంవత్సరములను బట్టి మాఱును. సువిశేషము మాత్రము ఏటేట నదియే.

పునీతుల దినములకును దారతమ్య మేర్పడెను. మహోత్సవములకు, ఉత్సవములకు బ్రత్యేక పఠనములు. సామాన్య స్మరణలలో నానాటి వరుస పఠనమే ప్రాయికముగా నిలుచును. స్థలభేదమును బాటింపబడినది. ఫిబ్రవరి 11, అనగా 1858లో లూర్దునందు మరియమాత దర్శనము మొదట గలిగిన దినము, సర్వసామాన్య పంచాంగమున నైచ్ఛిక స్మరణ మాత్రమే. బెజవాడ చెంత గుణదల కొండపై నదియే ఫిబ్రవరి 9 మొదలు 11 వఱకు జనసముద్రమును రప్పించు మహోత్సవము. సామాన్యవిధిని దేశాచారము విశేషించుట యిదియే.

ఈ సంస్కారమువలన బునీతులకు లోపము గలిగెనని వగచినవారును గలరు. ఆ వగపు నిర్హేతుకము గాదు. తాతముత్తాతలు మ్రొక్కిన దినము పట్టికలో వెనుకబడిన నెవ్వరికి గష్టముండదు? కాని పునీతుడు గ్రంథమునకు బ్రతిద్వంద్వి గాడు. లక్ష్యము లేని లక్షణము శుష్కము. లక్షణము లేని లక్ష్యము త్రోవ తప్పును. గ్రంథము సూత్రము, పునీతుని జీవిత ముదాహరణము, అనుదిన మననము వృత్తి. ఉదాహరణములు పెరిగి సూత్రము మఱుగుపడినపుడు, వానిని సరిగ నమర్చుట సూత్రమునకును నుదాహరణమునకును మేలే యని మా యభిప్రాయము. సహృదయులు విచారింతురు గాక.