సైనికుని చాకు

మడిచి జేబులో నుంచుకొను కత్తిని మనవారు చాకు అందురు. ఆ మాట పారసీకమునుండి వచ్చినది. నిత్యము వెంట నుంచుకొనదగిన చాకు ఎట్లుండవలెనను ప్రశ్నకు ఒక ప్రభుత్వము ఒక విధముగను, ఒక పల్లెటూరి కత్తుల పనివాడు మరియొక విధముగను సమాధానము చెప్పిన వృత్తాంతము స్విట్జర్లాండు దేశచరిత్రలో కలదు.

1889లో స్విస్ సైన్యము క్రొత్త తుపాకిని స్వీకరించెను. దానిని విప్పి శుభ్రపరచుటకు స్క్రూడ్రైవరు కావలసివచ్చెను. సైనికుల ఆహారము రేకు డబ్బాలలో వచ్చుచుండెను. కావున కత్తి, డబ్బాలు తెరచు సాధనము, స్క్రూడ్రైవరు, బెజ్జములు వేయు ఆరె, ఈ నాలుగును ఒక్క పిడిలో ఇమిడియుండవలెనని అధికారులు నిశ్చయించిరి. ఇంతవరకు బాగుగనే యున్నది. కాని అన్ని చాకులను చేసి యీయగల కర్మాగారము ఆ దేశమున లేకపోయెను. మొదటి చాకులు జర్మనీలోని సోలింగెన్ పట్టణమునుండి వచ్చెను. స్వదేశ సైనికుని జేబులో పరదేశపు కత్తి!

ష్విట్జ్ మండలమునందలి ఇబాఖ్ గ్రామమున కార్ల్ ఎల్సెనర్ అను నతడు 1884లో కత్తుల పనిశాల పెట్టియుండెను. ఆ కాలమున స్విట్జర్లాండు బీదదేశము. పని దొరకక యెందరో విదేశములకు వలస పోవుచుండిరి. సైన్యమునకు కావలసిన చాకులను మనమే చేసినచో మనవారికి పని దొరకునని తలచి, అతడు 1891లో కత్తుల పనివారి సంఘము నొకదానిని స్థాపించెను. ఆ యేడే సైన్యమునకు చాకులు పంపెను. కాని సోలింగెన్ యంత్రశాలల చౌకధరలకు చేతిపనివారు నిలువలేకపోయిరి. తోడివా రొక్కొక్కరే తప్పుకొనిరి. ఎల్సెనర్ మాత్రము విడువలేదు. ఉన్న సొత్తంతయు పోయెను. బంధువులును, అప్పులిచ్చినవారును ఆదుకొనకున్నచో దివాలా తీసియుండెడివాడే. కమ్మరికొలిమి చల్లారిన యూరివారికి ఈ కష్టమెట్టిదో వివరింప నక్కరలేదు.

సైనికుని చాకు దృఢమైనదే గాని బరువైనది. అంతకంటె తేలికయై, అందముగా నుండు చాకును చేయవలెనని ఎల్సెనర్ పూనుకొనెను. మడతచాకునకు ప్రాణము వెనుక నుండు ఉక్కుబద్ద. అది పనిముట్టు మొదలును ఒత్తిపట్టుటచేతనే తెరచినది నిలుచును, మడిచినది లోపల నుండును. ఒకే బద్దతో రెండు ప్రక్కల పనిముట్లను పట్టి యుంచు నేర్పును అతడు సాధించెను. వెనుకటి నాలుగింటికి చిన్నకత్తిని, సీసా బిరడాలు లాగు మెలికను చేర్చెను. ఆరు పనిముట్లకు రెండే బద్దలు! 1897 జూన్ 12న ఈ చాకునకు చట్టరక్షణ లభించెను.

దీనిని అధికారుల చాకు అనిరి. విచిత్రమేమన, ప్రభుత్వము దీనిని సైన్యమునకు పంచలేదు. అధికారులు తమ సొంత డబ్బుతో కొనుక్కొనిరి. ఉచితముగా వచ్చినదానిని మెచ్చుకొనుట సులభము. చేతి రూక విడిచి కొన్నదే నిజమైన ఎన్నిక. ఎల్సెనర్ అప్పులబాధనుండి తేరుకొనెను.

1909లో తల్లి మరణింపగా, ఆమె పేర విక్టోరియా అను పదమును అతడు తన సరకునకు గుర్తుగా నుంచెను. తుప్పు పట్టని ఉక్కు వచ్చిన పిదప 1921లో ఆ పేరు విక్టోరినాక్స్ అయ్యెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము అమెరికా సైనికులు ఈ చాకులను విరివిగా కొని స్వదేశమునకు తీసికొనిపోయిరి. జర్మను పేరు వారి నోట పలుకక, స్విస్ ఆర్మీ నైఫ్ అని పిలిచిరి. లోకమంతటను నిలిచిన పేరు అదియే.

2008లో సైన్యము తన చాకును మార్చి, కొయ్యను కోయు చిన్న రంపమును చేర్చెను. బిరడామెలిక మాత్రము అందులోను లేదు.