నపుంసకుల చట్టం (హైదరాబాద్, 1329 ఫస్లీ)

నిజాం ఏలుబడిలో 1919లో వచ్చిన శిక్షాచట్టం. హైదరాబాద్ నగరంలోని ట్రాన్స్‌జెండర్లపై అనుమానం ఉంటే చాలు, పేరూ చిరునామా రిజిస్టరుకెక్కేవి. అలా పేరెక్కిన మనిషి చీర కట్టి, నగలు పెట్టుకుని వీధిలో కనబడినా, ఆడిపాడినా వారెంటు లేకుండా పట్టుకెళ్లొచ్చు. రెండేళ్ల దాకా జైలు. దెబ్బతిన్నవాళ్లు లేరు, నేరం మాత్రం ఉంది. బాధితులు లేని పనులను శిక్షాస్మృతి నుంచి తీసేస్తే దొంగతనాలు, దాడుల సంగతి చూడటానికి పోలీసులకు తీరిక దొరుకుతుందన్నది స్వేచ్ఛావాదుల వాదన. దానికి ఇంత సూటి ఉదాహరణ తెలుగునేల మీద అరుదు. వైజయంతి వసంత మొగిలి తదితరుల పిల్‌పై తెలంగాణ హైకోర్టు 2023 జులైలో, రాజ్యాంగంలోని 14, 21 అధికరణాలకు విరుద్ధమంటూ దీన్ని కొట్టేసింది. ట్రాన్స్‌జెండర్లకు ఆసరా పింఛను ఇవ్వాలనీ ఆదేశించింది. ప్రజాధనంతో ఇచ్చే సాయం కాబట్టి కరడుగట్టిన స్వేచ్ఛావాదులకు ఈ రెండో భాగం అంతగా రుచించదు.