ముందు యాక్సిల్ షాఫ్టుల పొడిగింపు

నాలుగు చక్రాల చాలనం గల ట్రక్కు లేదా జీపు యొక్క ముందు సస్పెన్షన్‌ను వెడల్పు చేసినపుడు, డిఫరెన్షియల్ నుండి ముందు చక్రాలకు శక్తిని చేరవేసే ఇరుసు కడ్డీలను అందుకు తగినట్లు పొడవు చేయడాన్ని, లేదా వాటి స్థానంలో పొడవైన కడ్డీలను అమర్చడాన్ని ముందు యాక్సిల్ షాఫ్టుల పొడిగింపు అంటారు. ఎడారులు, ఇసుక దిబ్బలు, రాతి నేలలు వంటి రోడ్డు లేని ప్రదేశాలలో నడిపే వాహనాలకు ఈ మార్పు చేస్తారు. అమెరికా సంయుక్త రాష్ట్రాల నైరుతి ప్రాంతంలోను, మెక్సికోకు చెందిన బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పంలోను జరిగే ఎడారి పందేల వలన ఇటువంటి సస్పెన్షన్లు ప్రచారంలోకి వచ్చాయి. ముందు చక్రాలు వాహనాన్ని లాగడమే కాక దాని దిశను కూడా మారుస్తాయి. కాబట్టి వేగంగా పోతున్నపుడు ఈ కడ్డీ విరిగితే వాహనం అదుపు తప్పే అవకాశం ఉన్నది. పొడవు పెరిగినంత మాత్రాన కడ్డీ బలం తగ్గదు. దాని మన్నికను నిర్ణయించేవి ముఖ్యంగా మూడు: చివరల ఉండే కీళ్ళు పని చేసే కోణం, కడ్డీ వ్యాసం, లోహానికి చేసిన ఉష్ణోపచారం.

నిర్మాణం

ఇంజను శక్తి గేర్‌బాక్సు, ట్రాన్స్‌ఫర్ కేసుల ద్వారా ముందు డిఫరెన్షియల్‌కు చేరుతుంది. అక్కడి నుండి ఎడమ, కుడి చక్రాలకు ఒక్కొక్క యాక్సిల్ షాఫ్ట్ ఉంటుంది. ముందు ఇరుసులు ప్రధానంగా రెండు రకాలు.

ఏకఖండ ఇరుసులో రెండు చక్రాలూ ఒకే దృఢమైన గొట్టానికి అమరి ఉంటాయి. షాఫ్టులు ఆ గొట్టం లోపల తిరుగుతాయి. చక్రం పైకి లేచినపుడు గొట్టం, షాఫ్టు కలిసే కదులుతాయి కాబట్టి, స్టీరింగు తిప్పడానికి వీలుగా చక్రం వద్ద ఒక్క కీలు ఉంటే చాలు.

స్వతంత్ర సస్పెన్షన్‌లో డిఫరెన్షియల్ ఛాసిస్‌కు బిగించబడి ఉంటుంది. ప్రతి చక్రం పైన, క్రింద ఉండే కంట్రోల్ ఆర్మ్‌ల సహాయంతో విడిగా పైకీ క్రిందికీ కదులుతుంది. ఇందులో ప్రతి షాఫ్టుకు లోపలి చివర ఒకటి, బయటి చివర ఒకటి చొప్పున రెండు కీళ్ళు అవసరం. పొడిగింపు సమస్య ఎక్కువగా ఈ రకంలోనే ఎదురవుతుంది.

చరిత్ర

రెండవ ప్రపంచ యుద్ధ కాలపు విల్లీస్ జీపులలోను, ఆ తరువాత కొన్ని దశాబ్దాల పాటు అమెరికాలో తయారైన నాలుగు చక్రాల చాలనం గల ట్రక్కులలోను ముందు వైపు ఏకఖండ ఇరుసు సాధారణంగా ఉండేది. ఫోర్డ్ సంస్థ 1980లో ట్విన్ ట్రాక్షన్ బీమ్ అనే అమరికను ప్రవేశపెట్టింది. ఇందులో ఇరుసు రెండు ముక్కలుగా ఉండి, ఒక్కొక్కటీ విడిగా ఊగుతుంది. టొయోటా సంస్థ అమెరికాలో అమ్మే చిన్న ట్రక్కులకు 1986 నమూనా నుండి, జనరల్ మోటార్స్ తన పెద్ద పికప్ ట్రక్కులకు 1988 నమూనా నుండి స్వతంత్ర ముందు సస్పెన్షన్‌ను అమర్చాయి. రోడ్డు మీద ప్రయాణం దీని వలన సుఖంగా మారింది. అయితే చక్రం పైకీ క్రిందికీ కదిలే దూరం పొట్టి కంట్రోల్ ఆర్మ్‌ల వలన పరిమితమైంది.

బాహా కాలిఫోర్నియాలో టిహువానా నుండి లాపాజ్ వరకు సాగే మెక్సికన్ 1000 పందెం మొదటిసారి 1967లో జరిగింది. ఇదే తరువాత బాహా 1000గా ప్రసిద్ధి చెందింది. ఇటువంటి పందేలలో గుంతలపై వేగం తగ్గించకుండా పోవాలంటే చక్రం ఎక్కువ దూరం కదలాలి. అందుకోసం కంట్రోల్ ఆర్మ్‌లను పొడవు చేసే పద్ధతి వ్యాపించింది. వెనుక చక్రాల చాలనం గల ట్రక్కులలో ముందు వైపు షాఫ్టులు ఉండవు కనుక ఈ పని సులభం. నాలుగు చక్రాల చాలనం గల వాటిలో మాత్రం ఆర్మ్‌తో పాటు షాఫ్టును కూడా పొడిగించక తప్పదు. కాలిఫోర్నియాలోని జాన్సన్ వ్యాలీలో 2007లో మొదలైన కింగ్ ఆఫ్ ది హ్యామర్స్ పందెంలో ఎడారి వేగం, రాళ్ళ మీద ప్రాకడం రెండూ కలిసి ఉంటాయి. ముందు షాఫ్టులకు, కీళ్ళకు ఇది కఠినమైన పరీక్ష.

వెడల్పు చేయడం వలన ప్రయోజనం

కంట్రోల్ ఆర్మ్ ఒక చాపంలో ఊగుతుంది. ఒకే కోణంలో ఊగినపుడు పొడవైన ఆర్మ్ చివర ఎక్కువ దూరం కదులుతుంది. ఉదాహరణకు 350 మి.మీ. పొడవు గల ఆర్మ్ మధ్య స్థానం నుండి పైకి 25 డిగ్రీలు, క్రిందికి 25 డిగ్రీలు ఊగితే చక్రం మొత్తం సుమారు 296 మి.మీ. కదులుతుంది. ఆర్మ్‌ను మూడున్నర అంగుళాలు, అనగా 89 మి.మీ. పొడిగిస్తే అదే కోణంలో కదలిక సుమారు 371 మి.మీ. అవుతుంది. కదలికను పాత 296 మి.మీ. వద్దనే ఉంచితే ఊగే కోణం ఇరువైపులా సుమారు 20 డిగ్రీలకు తగ్గుతుంది. ఈ రెండవ ఫలితం కీళ్ళకు మేలు చేస్తుంది. రెండు వైపులా 89 మి.మీ. చొప్పున పెంచితే ముందు చక్రాల మధ్య వెడల్పు 178 మి.మీ. పెరిగి, వాహనం పక్కకు ఒరిగే స్వభావం కూడా తగ్గుతుంది.

కీళ్ళు, కోణాలు

సాధారణ కార్డన్ కీలు వంగి తిరిగేటపుడు వేగాన్ని సమంగా అందించదు. 30 డిగ్రీల కోణంలో, లోపలి కడ్డీ సమవేగంతో తిరిగినా, బయటి కడ్డీ కోణీయ వేగం ప్రతి చుట్టులోను 0.87 రెట్ల నుండి 1.15 రెట్ల వరకు హెచ్చుతగ్గులకు లోనవుతుంది. ఈ లోపాన్ని తొలగించేదే సమవేగ కీలు. వర్క్‌షాపులలో దీనిని సి.వి. జాయింట్ అంటారు. గాడులలో దొర్లే ఆరు ఉక్కు గుండ్లతో పని చేసే సమవేగ కీలును ఫోర్డ్ సంస్థలో ఇంజనీరుగా పని చేసిన ఆల్ఫ్రెడ్ ర్జెప్పా 1920లలో రూపొందించాడు. నేటి వాహనాలలో షాఫ్టు బయటి చివర ఎక్కువగా ఈ రకమే ఉంటుంది. ఇది 45 డిగ్రీలకు పైబడి కూడా వంగగలదు, కానీ లోపలికి, వెలుపలికి జరగదు.

లోపలి చివర ఉండే కీలు వంగడమే కాక కొంత దూరం జరగవలసి ఉంటుంది. షాఫ్టు, కంట్రోల్ ఆర్మ్‌లు వేర్వేరు కేంద్రాల చుట్టూ ఊగడం వలన రెండు కీళ్ళ మధ్య దూరం మారుతూ ఉండడమే దీనికి కారణం. ఈ స్థానంలో సాధారణంగా మూడు దొర్లుడు చక్రాలు గల ట్రైపాడ్ కీలును వాడతారు. ఇది బయటి కీలు వంగినంతగా వంగదు. కాబట్టి సస్పెన్షన్ కదలికకు తరచుగా హద్దు పెట్టేది లోపలి కీలే. పందెపు వాహనాలలో దీనికి బదులు పోర్షా 930 కారు వెనుక ఇరుసులో వాడిన కీళ్ళ నమూనాలో తయారైన పెద్ద కీళ్ళను అమర్చడం కలదు.

బయటి కీలు విషయంలో స్టీరింగు కోణం, సస్పెన్షన్ కోణం రెండూ కలుస్తాయి. చక్రం 30 డిగ్రీలు తిరిగి, షాఫ్టు 25 డిగ్రీలు వాలి ఉంటే కీలు వద్ద మొత్తం కోణం సుమారు 38 డిగ్రీలు. వాలు 20 డిగ్రీలయితే అది సుమారు 35 డిగ్రీలు. కోణం పెరిగే కొద్దీ గుండ్ల మీద, వాటిని పట్టి ఉంచే పంజరం మీద ఒత్తిడి పెరుగుతుంది. స్టీరింగును పూర్తిగా తిప్పి ఆక్సిలరేటరును గట్టిగా త్రొక్కినపుడు కీళ్ళు పగలడానికి ఇదే కారణం.

పొడవు, బలం

షాఫ్టు మీద పని చేసే టార్కు దానిని పురి పెడుతుంది. షాఫ్టు ఉపరితలం మీద కలిగే ప్రతిబలం టార్కుకు అనులోమానుపాతంలోను, వ్యాసం యొక్క ఘనానికి విలోమానుపాతంలోను ఉంటుంది. ఇందులో పొడవుకు స్థానం లేదు. పొడవు వలన పెరిగేది మెలితిరిగే కోణం మాత్రమే.

ఒక ముందు చక్రంపై 6,000 న్యూటన్ల భారం, నేల మీద పట్టు గుణకం 0.8, టైరు వ్యాసార్థం 0.42 మీటర్లు అనుకుంటే, చక్రం జారడానికి ముందు షాఫ్టుపై పడే టార్కు సుమారు 2,000 న్యూటన్ మీటర్లు. 28 మి.మీ. వ్యాసం గల ఉక్కు షాఫ్టులో దీని వలన కలిగే ప్రతిబలం సుమారు 464 మెగాపాస్కళ్ళు. షాఫ్టు పొడవు 400 మి.మీ. అయినా, 489 మి.మీ. అయినా ఇది మారదు. మెలితిరిగే కోణం మాత్రం సుమారు 9.5 డిగ్రీల నుండి 11.6 డిగ్రీలకు పెరుగుతుంది. లోహం స్థితిస్థాపక అవధిని దాటనంత వరకు ఈ అదనపు మెలిక కుదుపులను కొంత మెత్తబరుస్తుంది కూడా.

పొడిగించిన షాఫ్టులు తరచుగా విరగడానికి కారణాలు వేరు. సస్పెన్షన్‌తో పాటు పెద్ద టైర్లు అమర్చడం వలన టార్కు పెరుగుతుంది. గాలిలోకి లేచిన చక్రం వేగంగా తిరుగుతూ నేలను తాకినపుడు పైన లెక్కించిన దానికంటె ఎంతో ఎక్కువ బలం క్షణకాలం పని చేస్తుంది. అందుచేత చాలామంది వ్యాసం కూడా పెంచుతారు. వ్యాసం 10 శాతం పెరిగితే బలం సుమారు 33 శాతం పెరుగుతుంది. డానా 44 ఇరుసులో వాడే 30 పళ్ళ, 1.31 అంగుళాల షాఫ్టు కంటె డానా 60 ఇరుసులోని 35 పళ్ళ, 1.5 అంగుళాల షాఫ్టు, లోహం ఒకటే అయితే, దాదాపు 50 శాతం ఎక్కువ టార్కును తట్టుకొంటుంది. అయితే షాఫ్టును మరీ బలంగా చేస్తే విరుగుడు అక్కడ ఆగి, డిఫరెన్షియల్ పళ్ళచక్రాలకు చేరుతుంది. షాఫ్టును మార్చడం కంటె డిఫరెన్షియల్‌ను బాగు చేయడం ఖర్చుతో కూడిన పని.

పొడిగించే పద్ధతులు

1. కొత్త షాఫ్టు తయారు చేయించడం: ఒకే ముక్క ఉక్కు కడ్డీని కావలసిన పొడవుకు లేతు మీద చెక్కి, చివరలలో స్ప్లైన్లు అనే పళ్ళ గాడులను ఏర్పరచి, ఆ తరువాత ఉష్ణోపచారం చేస్తారు. ఖర్చు ఎక్కువైనా ఇది అన్నిటికంటె నమ్మదగిన పద్ధతి.

2. వేరొక వాహనపు షాఫ్టును వాడడం: అదే సంస్థ తయారు చేసిన వెడల్పైన వాహనపు షాఫ్టు పొడవు, స్ప్లైన్లు సరిపోయినపుడు ఇది చవకైన మార్గం. కర్మాగారంలో చేసిన ఉష్ణోపచారం చెడదు. కానీ కావలసిన పొడవు ఖచ్చితంగా దొరకడం అరుదు.

3. స్పేసరు అమర్చడం: లోపలి కీలుకు, డిఫరెన్షియల్ అంచుకు మధ్య బోల్టులతో ఒక దిమ్మను బిగిస్తారు. షాఫ్టు మారదు. లోపలి కీలు బయటకు జరిగి, కంట్రోల్ ఆర్మ్ కేంద్రానికి దూరమవుతుంది కాబట్టి కీలు జరగవలసిన దూరం పెరగవచ్చు. కొద్దిపాటి పొడిగింపుకే ఇది తగినది.

4. కోసి అతకడం: పాత షాఫ్టును మధ్యలో కోసి, ముక్క చేర్చి లేదా పైన గొట్టం తొడిగి వెల్డింగు చేస్తారు. చవకైనది, సులభమైనది అయినా రోడ్డు మీద నడిచే వాహనానికి ఇది తగినది కాదు. దీనికి కారణాలు క్రింది విభాగంలో ఉన్నాయి.

లోహం, ఉష్ణోపచారం

కర్మాగారం నుండి వచ్చే షాఫ్టులను ఎక్కువగా మధ్యస్థ కర్బన ఉక్కుతో చేసి, విద్యుత్ ప్రేరణతో వేడి చేసి చల్లార్చి, ఉపరితలాన్ని గట్టిపరుస్తారు. పురి పడినపుడు అత్యధిక ప్రతిబలం ఉపరితలం మీదనే ఉంటుంది కనుక గట్టిదనం కూడా అక్కడే అవసరం. లోపలి భాగం కొంత మెత్తగా ఉండి దెబ్బలను తట్టుకొంటుంది.

వెల్డింగు వేడి ఈ గట్టి పొరను పాడు చేస్తుంది. అతుకుకు కొద్ది దూరంలో లోహం మెత్తబడుతుంది. అతుకును ఆనుకొని ఉన్న లోహం త్వరగా చల్లారి గాజువలె పెళుసుబారుతుంది. కర్బనం 0.4 శాతం వరకు ఉన్న ఉక్కులలో ఇక్కడ సన్నని పగుళ్ళు ఏర్పడే ప్రమాదం ఎక్కువ. కంటికి కనిపించని పగులు ప్రతి మెలికతోను కొంత కొంత పెరిగి, లోహపు అలసట వలన ఒకనాడు హఠాత్తుగా విరుగుతుంది. మొదటి పరీక్షలో నిలిచినంత మాత్రాన అతికిన షాఫ్టు మంచిదని చెప్పడానికి వీలు లేదు.

కొత్త షాఫ్టులకు 4340 అనే మిశ్రమ ఉక్కును విరివిగా వాడతారు. ఇందులో సుమారు 0.4 శాతం కర్బనం, 1.8 శాతం నికెల్, 0.8 శాతం క్రోమియం, 0.25 శాతం మాలిబ్డినం ఉంటాయి. దీనికి సిలికాన్‌ను సుమారు 1.6 శాతానికి పెంచి, కొద్దిగా వెనేడియం చేర్చినదే 300ఎం ఉక్కు. విమానాల చక్రాల కాళ్ళకు దీనిని వాడతారు. ఏ ఉక్కు అయినా ఉష్ణోపచారం సరిగా లేనిదే దాని పేరుకు తగిన బలం రాదు. మంచి షాఫ్టులలో మధ్య భాగాన్ని స్ప్లైన్ల గాడుల అడుగు వ్యాసానికి సమానంగా సన్నబరుస్తారు. దీని వలన మెలిక స్ప్లైన్ల అంచు వద్ద పోగు కాకుండా షాఫ్టు పొడవునా పంచబడుతుంది.

కొలతలు తీసుకొనే విధానం

ఆర్మ్‌ను ఎంత పొడిగించారో షాఫ్టును కూడా సుమారుగా అంతే పొడిగించాలి. అయితే ఆర్డరు ఇచ్చే ముందు కొలిచి చూడడం తప్పనిసరి. వాహనాన్ని స్టాండ్ల మీద నిలిపి, స్ప్రింగును తీసివేసి, చక్రాన్ని పూర్తిగా పై స్థానం నుండి పూర్తిగా క్రింది స్థానం వరకు మెల్లగా కదుపుతూ రెండు కీళ్ళ కేంద్రాల మధ్య దూరాన్ని పలుచోట్ల కొలుస్తారు. స్టీరింగును రెండు వైపులా పూర్తిగా తిప్పి ఇదే పనిని మరల చేస్తారు. అతి తక్కువ దూరం వద్ద షాఫ్టు లోపలి కీలు అడుగును తాకకూడదు. అతి ఎక్కువ దూరం వద్ద కీలు నుండి ఊడిరాకూడదు. రెండు చివరలా కొన్ని మిల్లీమీటర్ల వెసులుబాటు మిగలాలి. కీలు కోణం హద్దు దాటుతున్నట్లయితే, చక్రం క్రిందికి దిగే దూరాన్ని పట్టీలతోను, పైకి లేచే దూరాన్ని రబ్బరు లేదా హైడ్రాలిక్ దిమ్మలతోను అదుపు చేస్తారు.

కొత్త షాఫ్టు మీద పొడవునా ఒక సరళరేఖను రంగుతో గీయడం మంచి అలవాటు. కొంత కాలం నడిపిన తరువాత ఆ గీత మెలితిరిగి కనిపిస్తే, షాఫ్టు స్థితిస్థాపక అవధిని దాటిందని, వెంటనే మార్చాలని అర్థం. కీళ్ళపై ఉండే రబ్బరు తొడుగులను కూడా తరచు పరిశీలించాలి. తొడుగు చిరిగితే గ్రీజు బయటకు పోయి, ఇసుక లోపలికి చేరి కీలు త్వరగా అరుగుతుంది.

షాఫ్టుతో పాటు స్టీరింగు టై రాడ్లు, బ్రేకు గొట్టాలు, చక్రపు వేగాన్ని గుర్తించే తీగలు కూడా పొడవు కావాలి. టై రాడ్ పొడవు ఆర్మ్‌లకు పొంతన లేకుండా ఉంటే, గుంతలో చక్రం లేచినప్పుడల్లా దానంతట అదే పక్కకు తిరుగుతుంది.

భారతదేశంలో చట్టం

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, అనుమతి గల కొన్ని మార్పులు మినహా, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. కేరళకు చెందిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీం కోర్టు ఈ నియమాన్ని సమర్థించింది. కాబట్టి ఇటువంటి మార్పులు చేసిన వాహనాన్ని ప్రజా రహదారుల మీద నడిపే ముందు రవాణా శాఖ అనుమతిని గురించి విచారించాలి.

ఇవి కూడా చూడండి

- ఇరుసు
- డిఫరెన్షియల్
- జీపు
- స్థితిస్థాపకత
- ఉక్కు
- వెల్డింగ్