గొలుసు, రాయి, పటము

భూమిని కొలుచు విద్య పన్ను కొరకు పుట్టినది. అయినను ఆ విద్యలోని నాలుగు మాటలు తెలిసిన గ్రామము తన చెరువును, బాటను నిలుపుకొనగలదు. చిత్తూరు, తిరుపతి సీమల చరిత్రను పట్టి ఆ మాటలను మనమిప్పుడు పరిశీలింతము.

పూర్వము మన పల్లెలలో నేలను విత్తనముతో కొలిచెడివారు. ఇన్ని తూముల విత్తనము పట్టు చేను అన్న చాలును. ఎల్లలు చెప్పవలసివచ్చిన తూర్పున వంక, పడమట బండ, దక్షిణమున చింతమాను అని చెప్పెడివారు. మాను కూలినను, వంక దారి మార్చుకొన్నను తగవు పుట్టెడిది. ఉత్తరార్కాటులో చేరియుండిన చిత్తూరు, చంద్రగిరి ప్రాంతములలో ‘కాని’ లెక్కయు నుండెను. మద్రాసు కాని 57,600 చదరపు అడుగులు. ఎకరము 43,560 మాత్రమే.

1800లో దత్తమండలములు కుంపిణీవారి వశమైనవి. నాడు కడప సీమలో నుండిన మదనపల్లె, వాయల్పాడులు వానిలోనివే. 1807 వరకు అచ్చట కలెక్టరుగా నుండిన థామస్ మన్రో పొలములను 33 అడుగుల గొలుసుతో కొలిపించెను. ఆ గొలుసు నిడివి నాలుగు ప్రక్కలుగా గల చదరమే గుంట. నలుబది గుంటలు ఒక ఎకరము. కొలత ఒక్కటైనది; కాని అది ముఖ్యముగా లెక్కల పుస్తకములలోనే నిలిచినది.

పొలమునకు పటము 1858లో మద్రాసు రాజధానియందు ఆరంభమైన రెవిన్యూ సర్వేతో వచ్చినది. అందు వాడుకకు వచ్చిన గంటరు గొలుసు 66 అడుగులు, నూరు లింకులు. అట్టి పది చదరపు గొలుసులు ఎకరము. ఎకరములో నూరవ వంతు సెంటు. నేటికిని మనము ఇండ్లస్థలమును సెంట్లలో చెప్పుకొనుట ఆనాటి లెక్కయే.

ఇక పటములోని మాటలు. ప్రతి పొలమునకు ఒక సర్వే నంబరు. పంపకమైన ముక్కకు సబ్ డివిజను. మూడు గ్రామముల ఎల్లలు కలియుచోట నాటిన రాయి ట్రైజంక్షను. వంకర పొలమును త్రికోణములుగా విడదీసి, ప్రతి గీత నిడివిని వ్రాసినది కొలత పుస్తకము, దీనినే ఎఫ్.ఎం.బి. అందురు. స్కేలు అనగా కాగితమునకు, నేలకు గల నిష్పత్తి. పాత గ్రామ పటములో 16 అంగుళములు ఒక మైలు. అనగా ఒక అంగుళము అయిదు గొలుసులు. ఒక చదరపు అంగుళము రెండున్నర ఎకరములు. అగ్గిపెట్టె చాటున ఆరెకరములు మరుగుపడునన్నమాట!

అన్నిటికంటె జాగ్రత్తగా చూడవలసిన మాట పోరంబోకు. చెరువు, వంక, బండిబాట, శ్మశానము, మేతనేల ఇందులో చేరును. కయ్యకు యజమాని కలడు; అతడు గొలుసు వెంట నడచును. కాలువకు ఊరంతయు యజమానియే గనుక ఎవ్వరును నడువరు. పటములో వంక సన్ననైన, వాన కురిసిననాడు చెరువు నిండదు.

1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టము కొలత ముగిసిన పిమ్మట నోటీసు ఇయ్యవలెనన్నది. అప్పీలునకు వీలు కల్పించినది. ఆపై మూడేండ్లలోపల సివిలు కోర్టుకు పోవచ్చునన్నది. గడువు దాటిన ఆ ఎల్లయే స్థిరము. జమీందారీ గ్రామములు పెక్కు 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టము తరువాతనే రైతువారీ సర్వేలోనికి వచ్చినవి.

పటమును చదివి చెప్పు కరణముల పదవి 1984లో రద్దయ్యెను. 2020 డిసెంబరులో ప్రభుత్వము డ్రోనులతోను, ఉపగ్రహ సంకేతములతోను రీసర్వే ఆరంభించెను. విస్తీర్ణములు తేడాపడినవని రైతులనుండి ఫిర్యాదులును వచ్చెను. ఆకాశమునుండి చూచు యంత్రము గట్టును చూడగలదు. ఆ గట్టు ఎవరిదో, ఆ బాట ఎన్నాళ్లనుండి ఉన్నదో ఊరివారే చెప్పవలెను.

కావున సర్వేయరు రాకమునుపే ఊరి పెద్దలు, పశువుల కాపరులు, స్త్రీలు కూడి తమ గ్రామమును ఒక కాగితముపై గీయవలెను. మొదట ఉత్తరదిక్కు, పిదప ఎల్లరాళ్లు, చెరువు, మరవ, వంకలు, బాటలు గుర్తింపవలెను. దానిని గ్రామ పటముతోను, ఎఫ్.ఎం.బి.తోను సరిచూచి, తేడా కన్పించినచోట గడువులోపల అర్జీ పెట్టవలెను. రాతిని కదల్చినవానిని ఊరు ఎరుగును. కాగితముమీద కదలిన గీతను పటము చదువనేర్చినవారే పట్టుకొనగలరు.