నాలుగింటి కొకటి

ఒక కొలతసాధనమును మరియొక దానితో సరిచూచునపుడు, సరిచూచునది ఎన్ని రెట్లు సూక్ష్మమై యుండవలెనను ప్రశ్నకు అమెరికా సైనిక ప్రయోగశాలలలో తొలుత పది రెట్లను సమాధానమే చెల్లుచుండెను. సంఖ్య సొంపైనదే గాని ఆచరణలో నిలువలేదు. క్షిపణిభాగమును కొలచు పరికరము, దానిని సరిచూచు ప్రమాణము, ఆ ప్రమాణమును దిద్దు పైప్రమాణము, అన్నిటికి మీదనున్న జాతీయప్రమాణము అని నాలుగు మెట్లెక్కుసరికి పదివేల రెట్ల సూక్ష్మత కావలసి వచ్చును. భాగములకు అనుమతించిన తేడాయే నానాటికి సన్నగిల్లుచుండగా అంతటి సూక్ష్మత పెక్కు రాశుల విషయమున ఎవరియొద్దను లేకపోయెను.

1955లో నౌకాదళమున ఈ చిక్కు విప్పబూనినవాడు జెర్రీ హేస్. అంతకు ముందటి యేడు అలన్ ఈగిల్ ప్రకటించిన గణితమును ఆధారము చేసికొని, చెడ్డ సాధనము మంచిదిగా చెల్లిపోవు అపాయము నూటి కొకటిని మించకుండుటకు మూడు రెట్లు చాలునని ఆయన తేల్చి, చేయిజారుటకు కొంత ఎడముంచి నాలుగింటి కొకటి యని విధించెను. ప్రతి సాధనమునకును వేరువేరుగ సంభావ్యత గణించు యంత్రములు ప్రయోగశాలలకు అందని దినములవి. కావున ఇది తాత్కాలికోపాయము మాత్రమే.

తాత్కాలికము చట్టమైనది. 1988 నాటి అమెరికా సైనికప్రమాణము, ప్రమాణసాధనముల సమష్టి అనిశ్చితి అనుమతించిన తేడాలో నూటికి 25 మించరాదనెను. 1994 నాటి జాతీయప్రమాణమును నాలుగింటి కొకటినే నిలిపినది. అయితే నాలుగు దేనికి, ఒకటి దేనికి? తయారుచేసినవాడు పత్రమున వ్రాసిన ఖచ్చితత్వమునకా, కొలతవిధానమంతటి అనిశ్చితికా? కాలిబ్రేషన్ విధానపత్రములు పెక్కు ఈ సంగతి చెప్పక నిష్పత్తి నొక్కదానినే వ్రాసి ఊరకుండెను. ఫలితమునకు ఉదాహరణ: నూరు బార్ల పీడనమాపకము తన రీడింగులో 1 శాతము వరకు తప్పవచ్చునని యున్నదనుకొందము. దానిని సరిచూచు ప్రమాణము, అదియు నూరు బార్లదే, తన పూర్తి స్కేలులో 0.25 శాతము తప్పవచ్చునని యున్నది. కాగితముపై ఇది నాలుగింటి కొకటియే. పది బార్ల చెంత చూడుడు: మాపకమునకు అనుమతి 0.1 బారు, ప్రమాణమునకో 0.25 బారు! గురువు శిష్యునికంటె రెండున్నర రెట్లు అధికముగ తప్పుచుండగా, పత్రముపై సంతకము మాత్రము నిరాటంకముగ పడుచుండును. శాతము దేనిలో శాతమో అడుగకయే భాగహారము చేయు అలవాటును నేను అజ్ఞానమనను, సోమరితన మందును.

2006 నాటి జాతీయ ప్రమాణపత్రము ఈ సందిగ్ధమును చాలవరకు తీర్చినది. అనుమతించిన తేడా యొక్క మొత్తము వెడల్పును, కాలిబ్రేషన్ ప్రక్రియ యొక్క 95 శాతపు విస్తృత అనిశ్చితికి రెట్టింపుతో భాగింపవలెనని స్పష్టముగ నిర్వచించి, అసలు నియమముగ తప్పుడు అంగీకారపు సంభావ్యత, అనగా చెడ్డ సాధనము మంచిదిగా చెల్లిపోవు అపాయము, 2 శాతము మించరాదని శాసించెను. ఆ సంభావ్యతను అంచనా వేయుట సాధ్యముకాని చోట మాత్రము పాత నాలుగింటి కొకటినే పాటింపవచ్చునని సడలింపును చేర్చినది.