సముద్రం దాటే పింఛను: డెల్టా ఊళ్లలో పన్ను చరిత్ర

కృష్ణా పశ్చిమ డెల్టాలోని తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాలకు శిస్తు తెలిసినంతగా ఆదాయపు పన్ను తెలియదు. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక ఇక్కడి కలిమి మాగాణిలోనే పేరుకుంది. 1860లో జేమ్స్ విల్సన్ తెచ్చిన తొలి ఆదాయపు పన్ను భూమి రాబడిని కూడా తాకినా, 1886 చట్టం వ్యవసాయాదాయాన్ని వదిలిపెట్టింది, ఆ మినహాయింపు నేటికీ చెల్లుతోంది. అందువల్ల ఉద్యోగస్థుల, వ్యాపారుల ఇళ్లను పక్కన పెడితే, ఈ పన్ను డెల్టా రైతు గడప తొక్కింది చాలాచోట్ల పొలం గట్టు మీదుగా కాక, విదేశంలో పనిచేసి తిరిగివచ్చిన కొడుకు పింఛను వెంబడే.

పింఛను ఒక దేశంలో పుట్టి మరో దేశంలో ఖర్చయితే దానిపై పన్ను ఎవరిదన్న ప్రశ్న మాత్రం ఇంకా పాతది, అప్పుడు ప్రయాణం ఎదురు దిక్కున సాగేది. గుంటూరు కలెక్టరు కచేరీలో పనిచేసి ఇంగ్లండుకు మరలిన తెల్ల అధికారికి ఇక్కడి ఖజానా నుంచే పింఛను వెళ్లేది. శాశ్వతంగా భారతదేశం వెలుపల నివసించే అటువంటి వారి పింఛనుపై ఇక్కడి శాసనసభలేవీ పన్ను వేయరాదని 1935 భారత ప్రభుత్వ చట్టం 272వ సెక్షను కట్టడి చేసింది. స్వాతంత్ర్యం వచ్చాక కూడా, పాత సివిల్ సర్వీసు వారికి విదేశంలో చెల్లించే పింఛను భారతదేశంలో పుట్టిన ఆదాయంగా లెక్కకు రాదని 1961 ఆదాయపు పన్ను చట్టం 9వ సెక్షనులో రాసుకున్నారు. వెళ్లిపోయే వారి విషయంలో ఇంత ముందుగా మేలుకొన్న చట్టం, తిరిగివచ్చే వారి విషయంలో చాలాకాలం నిద్రపోయింది.

ఆ తిరిగివచ్చే తరానికి బాట వేసినవి చదువులే. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో, గుంటూరు వైద్య కళాశాల 1946లో వెలిశాయి. 1965లో అమెరికా తన వలస చట్టాన్ని సడలించడంతో డెల్టా వైద్యులకు, తర్వాత ఇంజనీర్లకు ఆ దారి తెరుచుకుంది. అక్కడ వారికి రెండు రకాల విశ్రాంత ధనం సమకూరేది. మొదటిది సోషల్ సెక్యూరిటీ, అంటే జీతంలో కోసిన ప్రత్యేక పన్నుకు బదులుగా వార్ధక్యంలో ప్రభుత్వం ఇచ్చే నెలసరి భృతి. సాధారణంగా పదేళ్ల పనితో దీనికి అర్హత వస్తుంది. రెండవది 401(కె), అంటే 1978 నాటి చట్టంతో మొదలైన పొదుపు ఖాతా. ఇందులో పెరిగే సొమ్ముపై పన్ను సాధారణంగా తీసుకున్న నాడే పడుతుంది.

భారత, అమెరికా దేశాలు 1989 సెప్టెంబరులో ద్వంద్వ పన్ను నివారణ ఒప్పందం, అంటే ఒకే ఆదాయంపై రెండు చోట్ల పన్ను పడకుండా చూసే ఒడంబడిక, చేసుకున్నాయి. దాని 20వ అధికరణం ప్రకారం ప్రైవేటు పింఛనుపై పన్ను నివాస దేశానిది, సోషల్ సెక్యూరిటీపై పన్ను దాన్ని చెల్లించే దేశానిది. అమెరికా పౌరసత్వం లేని తెనాలి వాసికి నెలకు 1,000 డాలర్లు మంజూరైతే, అందులో 85 శాతంపై 30 శాతం చొప్పున 255 డాలర్లు అక్కడే కోసుకొని 745 మాత్రమే ఇటు పంపుతారు. ఆ సొమ్ముపై మళ్లీ ఇక్కడ పన్ను లేదు. అమెరికా పౌరసత్వం తీసుకున్నవారి సంగతి వేరు, వారు రేపల్లెలో స్థిరపడినా ఆ దేశపు రిటర్ను తప్పదు.

అసలు పేచీ 401(కె)తో వచ్చింది. తిరిగివచ్చిన వ్యక్తి మొదటి రెండు మూడేళ్లు ‘సాధారణ నివాసి కాని నివాసి’ హోదాలో విదేశీ ఆదాయంపై పన్ను లేకుండా గడపవచ్చు. వలస పాలన నాటి చట్టం నుంచి వారసత్వంగా అందిన ఈ వెసులుబాటు, ముందటి పదేళ్లలో తొమ్మిదేళ్లు ప్రవాసిగా ఉన్నవారికి లభిస్తుంది. ఆ గడువు దాటాక, ఖాతాలో ఏటా చేరే రాబడిపై ఆ ఏడే పన్ను కట్టాలన్నది ఇక్కడి పద్ధతి. అమెరికా పన్ను మాత్రం ఏళ్ల తర్వాత, సొమ్ము చేతికి వచ్చినప్పుడు పడుతుంది. రెండు పన్నులూ ఒకే ఏడాదిలో ఎదురుపడనందున ఒకదానిలో మరొకటి తగ్గించుకునే వీలు చిక్కేది కాదు. ఈ చిక్కు 2021 ఆర్థిక చట్టం 89ఏ సెక్షనును చేర్చేదాకా విడలేదు: ప్రకటిత దేశంలో ప్రవాసిగా ఉండగా తెరిచిన ఖాతాకు 10-ఈఈ ఫారం దాఖలు చేస్తే, అక్కడ పన్ను పడే ఏడాదే ఇక్కడా పడుతుంది. 2022లో అమెరికా, బ్రిటన్, కెనడాలను ఇందుకు ప్రకటించారు.

ఇక ఆడిటరు బల్లపై మిగిలే పని డాలర్లను రూపాయల్లోకి మార్చడం. అక్కడి లెక్క జనవరితోనూ ఇక్కడి లెక్క ఏప్రిల్‌తోనూ మొదలవుతాయి గనుక అమెరికా కాగితాన్ని నెలలవారీగా విడదీసి, స్టేట్ బ్యాంకు ‘టెలిగ్రాఫిక్ బదిలీ’ కొనుగోలు రేటుతో గుణించాలి; తంతి సేవ 2013లోనే ఆగిపోయినా పన్ను నిబంధనల్లో ఆ పేరు బతికే ఉంది. 10-ఈఈ ఎంపికకూ ఒక మెలిక ఉంది: ఒకసారి కోరుకున్నాక వెనక్కి తీసుకోరాదు, కానీ ఆ వ్యక్తి మళ్లీ ప్రవాసిగా మారితే ఎంపిక ఎన్నడూ చేయనట్టే భావించి, అంతవరకు వాయిదా పడిన రాబడిని లెక్కలోకి లాగుతారు. అందుకే ఆరు నెలలు రేపల్లెలో, ఆరు నెలలు పిల్లల దగ్గర గడిపే దంపతులు పాస్‌పోర్టు ముద్రలు చూసుకుంటూ రోజులు లెక్కపెట్టుకోవలసి వస్తుంది.