ఈ నవల మీరు చదివితిరా?

మంచి నవలను చదివి ముగించినవాడు ఊరకుండలేడు. ఇంటివారికో, పొరుగువారికో, దూరముననున్న స్నేహితునికో దానినిగూర్చి చెప్పినగాని వానికి తృప్తి కలుగదు. "ఈ నవల మీరు చదివితిరా?" అను ఈ చిన్న ప్రశ్నను మనము వట్టి కాలక్షేపపు మాటగా నెంచుచుందుము. కాని తెలుగుదేశమున నవల వ్యాపించిన చరిత్రను పరికించినచో, ఈ ప్రశ్నకు గొప్ప పనియే కలదని తోచుచున్నది. ముద్రాలయములు పుస్తకముల నచ్చొత్తినవి; పత్రికలు బహుమానము లిచ్చినవి; గ్రంథమాలలు చందాదారులను జేర్చినవి. ఇన్ని జరిగినను, చదివినవారు చదువనివారితో చెప్పకున్నచో పుస్తకము బీరువా దాటి యింటిలోనికి వచ్చెడిది కాదు. ఆ మాట ఎవరు చెప్పిరి, ఎవరికి చెప్పిరి, ఎవరికి చెప్పుటకు హక్కు లేకపోయెను అను విషయమును కొంచెము విచారింతము.

నవల పుట్టకమునుపే మనవారికి కలిసి చదువుకొను నలవాటు కలదు. సాయంకాలమున నొకరు భారతమునో భాగవతమునో చదువుచుండ, పదిమంది చుట్టును గూర్చుండి వినుట మన పల్లెలకు క్రొత్త గాదు. అక్షరము లెరుగని స్త్రీలుసైతము ఆ వినికిడివలననే కథలను, ధర్మసందేహములను ఎరిగియుండిరి. విన్నదానిని మరునాడు నూతికడ, వంటయింట ముచ్చటించుకొనుట వారికి రెండవ పఠనము. కావున వచనకథ అచ్చుపుస్తకరూపమున వచ్చినప్పుడు దానిని కొన్నవారికంటె విన్నవారు హెచ్చుగా నుండుటలో వింత లేదు.

నరహరి గోపాలకృష్ణమసెట్టిగారి "శ్రీరంగరాజచరిత్రము" 1872లో వెలువడెను. పిమ్మట కందుకూరి వీరేశలింగముగారి "రాజశేఖరచరిత్రము" 1878 మొదలు "వివేకవర్ధని"లో భాగములుగా ప్రకటింపబడి, 1880లో పుస్తకమయ్యెను. గోదావరియొడ్డున ధవళేశ్వరములోని యొక కలిగిన గృహస్థు స్తోత్రపాఠకుల మాటలు నమ్మి, రసవాదముచే బంగారము చేయుదునన్న బైరాగిని నమ్మి, ఉన్నదెల్ల పోగొట్టుకొని వీధిపాలగుట అందలి కథ. చదివినవారికి అది రాజకుమారుల వృత్తాంతముగా గాక తమ వీధిలోని కథగా దోచెను. ఇటువంటి కథ మాటలాడుకొనుటకు తగినది. "మన యూరిలోని ఫలానావాడును ఇట్లే గదా చెడెను" అని యనిపించును. 1887 నాటికే అది ఆంగ్లభాషలోనికి బోయి లండనులో అచ్చుపడెను.

ఇచ్చట నొక విశేషము గమనింపదగినది. గోపాలకృష్ణమసెట్టిగారు తమ గ్రంథమును నవీనప్రబంధమనిరి. వీరేశలింగముగారు తమదానిని వచనప్రబంధమనిరి. "నవల" యను పేరు వీరిరువురును పెట్టినది కాదు. రాజశేఖరచరిత్రమును విమర్శించుచు కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు ఆ పదమును వాడిరి. వీరేశలింగముగారికిని ఆయనకును అనేకవిషయములలో అభిప్రాయభేదము కలదు. ఐనను ఆ విమర్శకుడు పెట్టిన పేరే నేటికిని నిలిచినది. అనగా మన నవలకు నామకరణము చేసినవాడు రచయిత గాడు, ఒక పాఠకుడు. గ్రంథమును చదివి, తనకు దోచినదానిని దాచుకొనక పదిమందిలో చెప్పినవాడు. మెచ్చుకొనినవాడే గ్రంథమునకు మేలు చేయుననియు, ఆక్షేపించినవాడు కీడు చేయుననియు తలచుట పొరపాటని దీనివలన తెలియుచున్నది.

పిమ్మట న్యాపతి సుబ్బారావుపంతులుగారు "చింతామణి" పత్రికద్వారా నవలలకు పోటీలు పెట్టి బహుమానము లిచ్చిరి. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి "రామచంద్రవిజయము" 1894లోను, "హేమలత" 1896లోను ఈ ప్రోత్సాహమువలన వెలుగు జూచినవి. లక్ష్మీనరసింహముగారికి బాల్యమునుండియు రేచీకటి. రాత్రివేళ తోడివారు చదువగా విని పాఠములు నేర్చుకొనినవారాయన. తరువాత చూపు మరింత క్షీణింపగా తాము చెప్పుచు ఇతరులచే వ్రాయించిరి. చెవితో చదివిన యీ మహనీయుని వాక్యములు నోట చదువుటకు మిక్కిలి యనుకూలముగా నుండుట సహజమే. ఆయన "గణపతి" తరువాతికాలమున రేడియోలో నాటకరూపము దాల్చి, పుస్తకము ముట్టనివారినిగూడ నవ్వించెను. ఒకరు చదువగా వేరొకరు వినుటకు ఇంతకంటె మంచి నిదర్శన మేమి కావలయును?

1906లో హైదరాబాదున స్థాపింపబడిన విజ్ఞానచంద్రికామండలి చరిత్ర, ప్రకృతిశాస్త్రములు తెలుగువారి కందవలెనని యుద్దేశించినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు, రావిచెట్టు రంగారావుగారు దానికి మూలపురుషులు. 1907లో వెలువడిన తొలిపుస్తకము హరిసర్వోత్తమరావుగారి "అబ్రహాములింకను చరిత్ర". ఐనను ఆ మండలివారు చరిత్రాత్మకములైన నవలలనుగూడ ప్రకటించిరి. శాస్త్రగ్రంథమును తెప్పించుకొనిన యింటికి దానివెంట నవలయు వచ్చెను. చందాదారుడొకడైనను చదువువారు ఇంటిల్లిపాది. 1907లో బిపినచంద్రపాలుగారు మన జిల్లాలలో పర్యటించి వందేమాతరోద్యమమును రగుల్కొల్పినపిమ్మట బంకించంద్రుని నవలలనుగూర్చిన ఆసక్తి ఇనుమడించెను. బరంపురమునుండి వచ్చిన వేగుచుక్క గ్రంథమాలలోని అపరాధపరిశోధక నవలలను పండితులు చిన్నచూపు చూచిరి. కాని క్రొత్తగా అక్షరములు నేర్చినవానికి పుట వెంబడి పుట తిప్పు నలవాటు అట్టి పుస్తకములవలననే కలుగును. అట్లలవాటు పడినవాడు తరువాత మేలైన గ్రంథము నందుకొనవచ్చును. అసలు చదువనివాడు దేనిని అందుకొనును?

ఇల్లు దాటి ఊరంతకు ఈ చదువును పంచిపెట్టినవి గ్రంథాలయములు. 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగెను. అయ్యంకి వెంకటరమణయ్యగారు దానికి ప్రాణము. చూపు కొరవడిన లక్ష్మీనరసింహముగారే దానికి అధ్యక్షులు. "ఎవరు చదువగలరు?" అని గాక "ఎవరికి చదివి వినిపింపగలము?" అని విచారించుట ఆ యుద్యమముయొక్క గొప్పతనము. పాతూరి నాగభూషణముగారు 1935లో పెదవడ్లపూడి, కొల్లూరుల నడుమ కాలువలో పడవమీద గ్రంథాలయమును నడిపించిరి. రేవున పడవ నిలిచినపుడు పుస్తకము మార్చుకొనవచ్చినవారు ఒకరినొకరు ఏమి యడిగియుందురో మనము సులభముగా నూహింపవచ్చును.

నైజామురాష్ట్రమున ఈ పని మరింత కష్టసాధ్యము. అచ్చట తెలుగునకు రాజాదరణము లేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము వెలసినది మొదలు, గ్రంథాలయమును స్థాపించుటయే భాషాభిమానమునకును, ప్రజలమేలుకొలుపునకును గుర్తయ్యెను. వట్టికోట ఆళ్వారుస్వామిగారు పేదరికమువలన ఇతరులయిండ్లలో వంటపని చేయుచు చదువు నేర్చుకొనినవారు. ఆయన 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకముల మూటను తామే మోసికొని ఊరూర తిరిగి అమ్మిరి. పుస్తకమును వర్ణించు ప్రకటనపత్రమును పంపుట వేరు; చదివినవాడే గుమ్మముకడ నిలిచి "ఇది మీరు చదువవలసినది" యని చెప్పుట వేరు. అట్లు తిరిగినవాడే పిమ్మట "ప్రజల మనిషి" యను నవలను వ్రాసెను. పాఠకుల ముఖములు చూచినవాని నవల యది.

ఉన్నవ లక్ష్మీనారాయణగారు వెల్లూరు కారాగారమున వ్రాసిన "మాలపల్లి" 1922లో వెలువడగా, మదరాసు ప్రభుత్వమువారు దానిని నిషేధించిరి. 1928లో కొన్ని మార్పులతో ఆ నిషేధము తొలగెను. 1936లో మరల కట్టడి వచ్చెను. 1937లో కాంగ్రెసు మంత్రివర్గము వచ్చినపిమ్మట అదియు పోయెను. అమ్మరాని గ్రంథమునకు అంగడి లేదు, ప్రకటన లేదు. దానికి మిగిలినది చదివినవాని మాట యొక్కటే. హరిజనకుటుంబమొకటి నాయకస్థానమున నిలిచిన ఆ కథను అగ్రవర్ణములవారు తమ యిండ్లలో చదువుకొనుటయే ఒక సంస్కారకార్యము. అట్టి పుస్తకమును పొరుగువానికి సూచించుటకు అభిరుచితోబాటు ధైర్యమును కావలసియుండెను.

ఇంతవరకు చెప్పినదంతయు ఘనమైన చరిత్రయే. కాని దీనిలో నొక లోపము కలదు; దానిని దాచుట సంస్కారప్రియులకు తగదు. ఇంటిలో నవలను వినినవారిలో స్త్రీలే హెచ్చుగానుండగా, ఏది చదువవలెనో నిర్ణయించినవారు పురుషులు. నవలలు చదివిన ఆడుది చెడునని పూర్వాచారపరులనిరి. చదువవలసినదే గాని మేము చూపినవి మాత్రమే చదువవలెనని సంస్కర్తలనిరి. వీరేశలింగముగారు 1883లో "సతీహితబోధిని" యను పత్రికను పెట్టిరి. ఆ పేరులోనే హితము చెప్పువారెవరో, విను వారెవరో తేటతెల్లముగా నున్నది. ఆ కాలమునకు అది గొప్ప యుపకారము, సందేహము లేదు. స్త్రీలకు అక్షరము నిచ్చినవారిని మనము మరువరాదు. కాని పుస్తకమును పుచ్చుకొనువారుగా మాత్రమే స్త్రీలను భావించినంతకాలము ఆ మేలు సగమే. ఇచ్చుటకును, "ఇది బాగున్నది, అది బాగులేదు" అని చెప్పుటకును వారికి నోరు రావలయును.

ఆ నోరు మెల్లమెల్లగా వచ్చినది. 1902లో ప్రారంభమైన "హిందూసుందరి" వంటి పత్రికలలో స్త్రీలు తమలో తాము ఉత్తరప్రత్యుత్తరములు జరుపుకొనిరి. ఆ శతాబ్దపు తొలిదశకమునందే జయంతి సూరమ్మగారు "సుదక్షిణాచరిత్రము" అను నవలను వ్రాసిరి. ఇంటివెనుక సంభాషణ అచ్చులోనికి వచ్చుట కిది నాంది. దీని ఫలము కొన్ని దశాబ్దములకు స్పష్టముగా గనబడెను. మాలతీచందూరుగారు 1952 మొదలు "ఆంధ్రప్రభ" వారపత్రికలో "ప్రమదావనము" శీర్షికను ఏండ్లతరబడి నడపిరి. పిమ్మట "స్వాతి"లో "పాతకెరటాలు" అను పేరున పరభాషానవలలను మాసమున కొకటిగా మన యిండ్లకు పరిచయము చేసిరి. ఆంగ్లము రాని గృహిణులు దూరదేశపు నవలాకారుల పేర్లను పొరుగింటివారి పేర్లవలె చెప్పగలిగిరి. ఒకనాడు స్త్రీకి ఏది తగునో పురుషుడు నిర్ణయించెను. ఇప్పుడొక స్త్రీ తాను చదివినదానిని లక్షణముగా చెప్పగా పురుషులుగూడ విని చదివిరి. మన నవలాచరిత్రలో ఇంతకంటె పెద్ద మార్పు మరియొకటి నాకు గానరాదు.

ఇకను మన కర్తవ్యమేమి? 1960 నాటి చట్టముచొప్పున ఇంటిపన్నుతోబాటు గ్రంథాలయపు సుంకమును మనము చెల్లించుచునే యున్నాము. కాని ఆ గ్రంథాలయపు మెట్లెక్కి ఎన్నాళ్లయ్యెనో మనలో పలువురు చెప్పలేరు. గ్రంథపాలకుని యెదుట బల్లమీద ధూళి పేరుకొనుటకు ప్రభుత్వమునొక్కదానినే తప్పుపట్టుట న్యాయము గాదు. అడుగువారు లేనిచోట పుస్తకము నిద్రించును.

కావున సోదరసోదరీమణులారా! చదివిన పుస్తకమును దాచుకొనకుడు. దాచిన ధాన్యమునకు పురుగు పట్టును. దాచిన పుస్తకమునకును అంతే. సూచించునప్పుడు ఆజ్ఞాపింపకుడు. "చదివి తీరవలెను" అనుట గురువు మాట. "నాకిది నచ్చినది, మీకెట్లు తోచునో చెప్పుడు" అనుట స్నేహితుని మాట. పిల్లవాడు అపరాధపరిశోధక నవల చదువుచున్నచో లాగికొనకుడు. ముగించినపిమ్మట కథ చెప్పుమని యడిగి, ఆ కోవలో ఇంకొంచెము లోతైనదానిని చేతికిండు. అన్నిటికంటె ముఖ్యముగా, మీయింటి స్త్రీలు ఏమి చదువుచున్నారో అడిగి, వారు మెచ్చినదానిని మీరు చదువుడు. పుస్తకము ఇచ్చుటవలన పెద్దరికము వచ్చును. పుచ్చుకొనుటవలన సంస్కారము వచ్చును.

ఈ పుటను మూసినవెంటనే దగ్గరనున్నవారి నొక్కరిని అడిగిచూడుడు: "ఈ నడుమ మీరేమి చదివితిరి?" వారు చెప్పు ప్రత్యుత్తరమును ఓపికతో వినుడు. నూటయేబది యేండ్లనాడు మన నవల నడచుట ఆరంభించినది ఆ త్రోవననే.